మీకు తెలుసా? సంక్రాంతి కూడా కదులుతుంది!

మన పండుగలు ఏటా తేదీ మారుస్తుంటే, సంక్రాంతి మాత్రం జనవరి 14నో 15నో వచ్చేస్తుంది. మిగతావి చాలావరకు చంద్రుడి తిథులను పట్టుకుని నడుస్తాయి, ఇది సూర్యుడు మకరరాశిలోకి అడుగుపెట్టే రోజు.

అలాగని అది కదలదనుకోకండి. నక్షత్రాల లెక్కన ఏడాది, రుతువుల లెక్కన ఏడాది కంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. అందుకే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున పండుగ ఆలస్యమవుతోంది. వివేకానందుడు 1863లో సంక్రాంతి నాడే పుట్టాడు. ఆ రోజు తేదీ జనవరి 12! దాదాపు 1,700 ఏళ్ల కిందటైతే ఉత్తరాయణమూ సంక్రాంతీ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు పొద్దు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. మనం మూడు వారాలు ఆలస్యంగా పండుగ చేసుకుంటున్నామన్నమాట, అరిసెలకేం లోటు లేదు కాబట్టి సరిపోయింది.

ఇక పండుగ ముచ్చట్లకొస్తే, భోగినాటి సాయంత్రం పసిపిల్లల తల మీద రేగుపళ్లు, చెరకు ముక్కలు, శనగలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి దిష్టి తీసి పోస్తారు. పీట మీది పిల్లాడు ఏడుస్తుంటాడు. చుట్టూ ఉన్న పెద్ద పిల్లల చూపంతా నాణేల మీదే.

ముగ్గులో గుమ్మడిపువ్వు పెట్టుకుని కూర్చునే గొబ్బెమ్మలను పారేయరు. పిడకలుగా ఎండబెట్టి, రథసప్తమి నాడు వాటి మంట మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతారు.

కనుమ పశువుల పండుగ. ఆ రోజు మినుము తినాలంటారు, గారెలకు అంతకంటే సాకు ఏం కావాలి?