హాకీ వేలం: ఒక్కడికే రూ.68 లక్షలు.. మరి మిగతా 23 మంది సంగతేంటి?
హాకీ ఇండియా లీగ్‌ 2024 వేలంలో ఒక్కో జట్టు పర్సు రూ.4 కోట్లు. అందులోనే 24 మందిని కొనాలి.. నలుగురు జూనియర్లు తప్పనిసరి. మన హైదరాబాద్‌ తూఫాన్స్‌ మాత్రం జర్మనీ డ్రాగ్‌ఫ్లికర్‌ గొంజాలో పిలాట్‌ ఒక్కడికే రూ.68 లక్షలు పెట్టేసింది (రియోలో అర్జెంటీనాకు ఒలింపిక్‌ గోల్డ్‌ తెచ్చింది ఇతనే). ఇక మిగతా 23 మందికి సగటున రూ.14 లక్షలు దాటి పెట్టడం కష్టం!

ఎందుకంత రిస్క్‌? పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మార్చేవాళ్లు తక్కువ కాబట్టి. కానీ సర్కిల్‌లోకి దూసుకెళ్లి ఆ కార్నర్లు తేవాలంటే ఉరికే కుర్రాళ్లు ఉండాలి. వాళ్లు తక్కువ ధరకే దొరకాలి. అందుకే జూనియర్ల ఎంపికలో తప్పు చేస్తే స్టార్‌ ఉన్నా లాభముండదు.

2025 ఫిబ్రవరిలో ఫైనల్‌.. పిలాట్‌ 2 గోల్స్‌, కుర్ర డిఫెండర్‌ అమన్‌దీప్‌ లక్రా ఒకటి. అయినా జుగ్‌రాజ్‌ సింగ్‌ హ్యాట్రిక్‌తో బెంగాల్‌ టైగర్స్‌ 4-3తో కప్‌ ఎగరేసుకుపోయింది.