ఒకే నిందితుడు, రెండు ఛార్జ్‌షీట్లు: యేసు విచారణలో మత చట్టం, రోమన్ చట్టం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ‘ఛార్జ్‌షీటు’ అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి డిపార్ట్‌మెంటు చేతికిచ్చేది, రెండోది పోలీసులు కోర్టులో వేసేది. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల కింద శాఖాపరమైన విచారణ జరిగితే రైల్వే ఉద్యోగికి ఇంక్రిమెంటు ఆగవచ్చు, ఉద్యోగమే పోవచ్చు. జైలు శిక్ష మాత్రం ఆ విచారణలో పడదు. దానికి కోర్టు కావాలి, శిక్షాస్మృతిలో రాసి ఉన్న నేరం కావాలి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలను వదిలి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. గుడ్‌ఫ్రైడే నాడు వినే యేసు విచారణ ఘట్టంలో ఒక చిక్కుముడి ఉంది. ప్రధాన యాజకుడి ముందు మోపిన నేరం దేవదూషణ. పిలాతు శిక్ష వేసింది రాజద్రోహానికి. మధ్యలో నేరం ఎందుకు మారింది? రెండు ఛార్జ్‌షీట్ల తేడా తెలిసినవారికి దీని జవాబు సులువుగానే అర్థమవుతుంది.

మహాసభకు ఉన్న అధికారం ఎంత?

క్రీ.శ. 6లో హేరోదు కుమారుడు అర్కెలాయును తొలగించి యూదయను రోమ్ నేరుగా తన పాలనలోకి తీసుకుంది. అక్కడికి పంపిన తొలి అధిపతికే మరణశిక్ష విధించే అధికారం ఇచ్చినట్టు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మత వ్యవహారాలు, స్థానిక వివాదాలు యెరూషలేములోని మహాసభ చూసుకునేది. అయితే ప్రధాన యాజకుడిని నియమించేది, తీసేసేది కూడా రోమన్ అధికారులే. కయపను ఆ పదవిలో కూర్చోబెట్టింది పిలాతుకు ముందున్న అధిపతి వలేరియస్ గ్రాటస్. అంటే మత న్యాయస్థానం పూర్తిగా స్వతంత్రమైనది కాదు.

ఎవరినీ చంపే అధికారం తమకు లేదని యూదు పెద్దలు పిలాతుతో అన్నట్టు యోహాను సువార్త 18వ అధ్యాయం చెబుతుంది. దీనిపై పండితుల్లో వాదన ఉంది. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు కదా అన్నది ఒక ప్రశ్న. అన్యజనులు దేవాలయంలో అడ్డుగోడ దాటితే మరణమేనని హెచ్చరించే గ్రీకు శాసనం 1871లో దొరికింది. మరోవైపు క్రీ.శ. 62లో రోమన్ అధిపతి లేని సమయం చూసి ప్రధాన యాజకుడు అననస్ యేసు సోదరుడు యాకోబును చంపించాడు. ఫిర్యాదులు వెళ్లాయి, అననస్ పదవి పోయింది. సాధారణ పరిస్థితుల్లో మరణశిక్షకు రోమ్ అనుమతి తప్పనిసరి అనడానికి ఈ సంఘటన బలమైన ఆధారం.

మత చట్టం ఏం చెప్పింది?

దేవదూషణకు రాళ్లతో కొట్టి చంపాలని లేవీయకాండం 24వ అధ్యాయం చెబుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట కలిస్తేనే మరణశిక్ష అని ద్వితీయోపదేశకాండం నియమం. మార్కు సువార్తలో విచారణ తడబడింది సరిగ్గా ఇక్కడే. సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అప్పుడు ప్రధాన యాజకుడు నిందితుడినే నేరుగా ప్రశ్నించాడు. ఆ జవాబునే దేవదూషణగా తేల్చారు.

యూదు ధర్మశాస్త్ర సంకలనం ‘మిష్నా’ నియమాలు ఇంకా కఠినం. మరణశిక్ష పడే కేసును పగటిపూటే విచారించాలి. నిర్దోషి అని అదే రోజు చెప్పవచ్చు కానీ, దోషి అని చెప్పాలంటే మరుసటి రోజు దాకా ఆగాలి. అందుకే విశ్రాంతి దినానికి, పండుగకు ముందురోజు ఇలాంటి కేసులు చేపట్టకూడదు. పెద్దల ప్రభావం పడకుండా చిన్నవారు ముందు అభిప్రాయం చెప్పాలి.

వీటిని పట్టుకుని విచారణ మొత్తం చట్టవిరుద్ధమని తేల్చేయడం మామూలే. కానీ మిష్నా గ్రంథరూపం దాల్చింది క్రీ.శ. 200 ప్రాంతంలో. ఆ నియమాలన్నీ కయప కాలంలో అమల్లో ఉన్నాయని చెప్పలేం. పైగా రాత్రి విచారణను మార్కు వర్ణిస్తే, సభ తెల్లవారాకే కూడిందని లూకా రాశాడు. యోహానులోనైతే అన్న, కయపల ఇళ్ల ప్రస్తావన ఉంది కానీ మహాసభ తీర్పు లేదు. అందుకే అది పూర్తిస్థాయి విచారణ కాదని, రోమన్ అధికారికి అప్పగించే ముందు జరిపిన ప్రాథమిక విచారణ అని భావించే పండితులూ ఉన్నారు.

పిలాతు ముందు నేరం ఎందుకు మారింది?

దేవదూషణ రోమన్ చట్టంలో నేరం కాదు. కాబట్టి రోమ్‌కు అర్థమయ్యే భాషలోకి ఫిర్యాదును మార్చాలి. లూకా 23లో మూడు ఆరోపణలు కనిపిస్తాయి: ప్రజలను పెడదారి పట్టిస్తున్నాడు, కైసరుకు పన్ను కట్టవద్దంటున్నాడు, తానే రాజునంటున్నాడు. మూడోదే ప్రాణం తీసేది. చక్రవర్తి అనుమతి లేకుండా రాజునని చెప్పుకోవడం రాజద్రోహం.

పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయ అధిపతి. 1961లో కైసరయలో దొరికిన రాతిపలక మీద అతని పేరు, ‘ప్రిఫెక్ట్’ అన్న హోదా ఉన్నాయి. రోమన్ పౌరుడు కాని వ్యక్తి విషయంలో అతనికి జ్యూరీతో పని లేదు. తానే ప్రశ్నించి, తానే తీర్పు చెప్పవచ్చు. అప్పీలుకు దారి లేదు.

పౌరసత్వం ఎంత తేడా తెస్తుందో అపొస్తలుల కార్యములు చూపిస్తుంది. పౌలును కొరడాలతో కొట్టబోతుండగా తాను రోమన్ పౌరుడినని చెప్పాడు, సైనికులు ఆగిపోయారు. తర్వాత కైసరుకే అప్పీలు చేసుకున్నాడు, రోమ్‌కు పంపారు. గలిలయ నుంచి వచ్చిన యేసుకు ఆ రక్షణ లేదు. సిలువ కూడా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే రోమన్ శిక్షే. మత చట్టం ప్రకారం శిక్ష అమలై ఉంటే రాళ్లతో కొట్టేవారు.

తీర్పు ఎవరిది?

ఇది పాత చట్టాల ముచ్చట మాత్రమే కాదు. ఈ ఘట్టాన్ని తప్పుగా చదివి ‘క్రీస్తును చంపినవారు’ అంటూ యూదులందరి మీద వందల ఏళ్లు నింద వేశారు. ఐరోపాలో వారిపై జరిగిన దాడులకు ఆ నింద ఆజ్యం పోసింది. చివరికి 1965 అక్టోబరులో రెండో వాటికన్ మహాసభ, ఆ మరణానికి నాటి యూదులందరినీ గానీ, నేటి యూదులను గానీ బాధ్యులను చేయకూడదని ప్రకటించింది.

చట్టపరంగా చూసినా లెక్క అదే. ఫిర్యాదు చేసింది ఆలయ అధికారంలో ఉన్న కొందరు పెద్దలు. తీర్పు, శిక్ష, అమలు మూడూ రోమ్‌వి. చేతులు కడుక్కున్నంత మాత్రాన పిలాతు బాధ్యత తీరదు. సంతకం పెట్టాల్సిన అధికారి ‘నాకు ఇష్టం లేదు’ అన్నా, సంతకం పెట్టాక ఆ ఉత్తర్వు అతనిదే.

సిలువ మీద హెబ్రీ, లాటిన్, గ్రీకు భాషల్లో రాయించిన పలకే దీనికి సాక్ష్యం. అందులో దేవదూషణ మాట లేదు. ‘యూదుల రాజు’ అని ఉంది. అది రోమ్ ఇచ్చిన ఛార్జ్‌షీటు.