వడపోతలో పొదుపు... ఇంజనుకు ముప్పు

దేశంలో సరకు రవాణాలో సింహభాగం నేటికీ రోడ్ల మీదనే సాగుతోంది. నాసిక్ ఉల్లిపాయలైనా, నామక్కల్ కోడిగుడ్లైనా, గుంటూరు మిర్చి అయినా గమ్యం చేరడానికి డీజిల్ లారీయే ఆధారం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో దేశం వినియోగించిన డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు. పెట్రోలియం ఉత్పత్తుల మొత్తం వాడకంలో ఇది దాదాపు 40 శాతం. ఇందులో ఏ చుక్క అయినా ఇంజనులో మండాలంటే ముందుగా గుప్పెడంత వడపోత సాధనం గుండా ప్రయాణించవలసిందే. లారీ విలువతో పోలిస్తే ఈ ఫిల్టరు ఖరీదు లెక్కలోకి రాదు. అయినా యజమాని పొదుపు చేయాలనుకున్నప్పుడు మొదట వాయిదా పడేది దీని మార్పిడే కావడం విచిత్రం.

లారీల యజమానుల్లో అత్యధికులు ఐదు వాహనాలకు మించి లేని చిన్నవారు. వాయిదాల మీద బండి కొని, కిరాయి మీద బతికే వీరికి డీజిల్ బిల్లే అతిపెద్ద ఖర్చు. బండి దారిలో ఆగితే కిరాయి పోతుంది, సరకు పాడవుతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. ఈ నేపథ్యంలో ఫిల్టరు సంగతి మెకానిక్కులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

వెంట్రుకలో ఇరవయ్యో వంతు

పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ మండిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ పని గాలిని బిగించి నొక్కడం వల్ల పుట్టే వేడిదే. ఆ ఒత్తిడిని ఎదిరించి డీజిల్‌ను సిలిండరులోకి మంచులా చిమ్మాలంటే పంపు ఎంతో బలంగా నెట్టాలి. అందుకే పంపులోని ప్లంజరుకు, అది కదిలే బ్యారెల్‌కు మధ్య ఖాళీని 2 నుంచి 4 మైక్రాన్లకే పరిమితం చేస్తారు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని ధూళి కణం కూడా ఆ సందులో ఆకురాయి వలె పనిచేస్తుంది.

1951లో బెంగుళూరులో నెలకొల్పిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (మైకో) తయారుచేసిన పంపులు దశాబ్దాల పాటు మన లారీలకు గుండెకాయలయ్యాయి. ఆ తరం ఇంజన్లలో జంట ఫిల్టర్లు ఉండేవి. మొదటిది ముతక మలినాలను, రెండవదైన కాగితపు ఫిల్టరు సన్నని ధూళిని ఆపేవి. పంపునకు అందిన డీజిల్‌లో మిగిలినది తిరిగి ట్యాంకుకే చేరుతుంది. కనుక ట్యాంకులో పడిన మురికి ఒక్కసారి వచ్చిపోయేది కాదు, మళ్ళీ మళ్ళీ ఫిల్టరును తాకుతూనే ఉంటుంది.

నీరే ప్రథమ శత్రువు

ధూళి కన్న ప్రమాదకరమైనది నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడు అందులోని తేమ బిందువులై గోడలకు పడుతుంది. వర్షాకాలంలో ఇది మరింత ఎక్కువ. డీజిల్ కన్న బరువైన నీరు అడుగుకు చేరి తుప్పుకు కారణమవుతుంది. నీటికి, డీజిల్‌కు నడుమ సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి పదార్థం తయారై ఫిల్టరును మూసివేస్తుంది. నీరు నాజిల్ వరకు చేరిందంటే అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరై కొనను దెబ్బతీస్తుంది.

నివారణకు పైసా ఖర్చు లేదు. రాత్రి బండి నిలిపే ముందు ట్యాంకు నింపుకుంటే తేమకు చోటుండదు. ఉదయం ఇంజను స్టార్టు చేయక ముందే ఫిల్టరు అడుగున ఉన్న మరను వదులు చేసి, చేరిన నీటిని స్వచ్ఛమైన డీజిల్ వచ్చేవరకు వదిలివేయాలి. పాతతరం డ్రైవర్లు క్లీనర్‌కు నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి.

మార్చడంలోనూ మెళకువ

ఫిల్టరు మూసుకుపోతే డ్రైవర్‌కు తెలుస్తుంది. చదును రోడ్డు మీద బాగానే నడిచిన బండి, ముంబయి - పుణె మధ్య బోర్ ఘాట్ వంటి ఎగుడులో లోడుతో ఎక్కలేక మొరాయిస్తుంది. ఎక్కువ డీజిల్ కావలసిన చోటనే అది అందకపోవడం ఇందుకు కారణం. అసలు ప్రమాదం చిరిగిన ఫిల్టరుతోనే. దాని గుండా డీజిల్ ధారాళంగా పారుతుంది, బండి హాయిగా నడుస్తుంది, లోపల పంపు మాత్రం అరిగిపోతూ ఉంటుంది. కాగితపు ఫిల్టరును కడిగినా, గాలి కొట్టి శుభ్రం చేసినా జరిగేది ఇదే. తక్కువ ధరకు దొరికే నకిలీ ఫిల్టర్లలో మడతలు తక్కువ, జిగురు నాసిరకం. అవి అసలు పెట్టెను పోలిన పెట్టెలోనే వస్తాయి.

మార్పిడికి ఒక క్రమం ఉంది. మొదట ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని తుడవాలి. లేకుంటే విప్పగానే ఆ మట్టే లోపల పడుతుంది. రబ్బరు వలయాన్ని కొత్తది వేసి, డీజిల్ పూసి, తయారీదారు చెప్పినంత మేరకే బిగించాలి. స్పానరుతో అతిగా బిగిస్తే వలయం నలిగి గాలి పీలుస్తుంది. కొత్త ఫిల్టరును డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించడం చాలామందికి అలవాటు. వడపోయని ఆ డీజిల్ నేరుగా పంపులోకే పోతుందన్న సంగతి గమనించాలి.

ఆ తరువాత గాలి తీయాలి. పాత ఇంజన్లలో ఫీడ్ పంపునకు ఉన్న చేతి మీటతో డీజిల్‌ను కొడుతూ, మొదటి ఫిల్టరు, రెండవ ఫిల్టరు, ఆపై పంపు వరుసలో మరలను వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. ఈ పని సరిగ్గా జరగని బండినే 'ఎయిర్ పట్టింది' అంటారు. గాలి నొక్కుకుపోతుందే తప్ప నాజిల్‌ను తెరవలేదు. అందువల్ల ఇంజను ఎంత తిప్పినా అంటుకోదు.

ఫిల్టరుకు చిక్కని కల్తీ

ఎంత మంచి ఫిల్టరయినా ఆపలేనిది కిరోసిన్. అది డీజిల్‌లో పూర్తిగా కలిసిపోతుంది కనుక కాగితం దానిని వేరుచేయలేదు. కిరోసిన్‌కు జిడ్డుగుణం తక్కువ. డీజిల్‌తోనే కందెన అవసరం తీర్చుకునే పంపు భాగాలు తత్ఫలితంగా త్వరగా అరిగిపోతాయి. పేదల కోసం ప్రభుత్వం సబ్సిడీపై ఇచ్చిన నీలిరంగు కిరోసిన్ ఏళ్ళ తరబడి డీజిల్ ట్యాంకులకు తరలిపోయింది. ధరల మధ్య ఉన్న అగాధమే ఈ అక్రమ వ్యాపారానికి పెట్టుబడి.

దానిని అడ్డుకున్నవారు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. కల్తీకి పాల్పడుతున్న బంకుపై చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్ 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో హత్యకు గురయ్యారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ సమీపంలో కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశవంత్ సోనవణేను దుండగులు సజీవ దహనం చేశారు. 2014లో డీజిల్ ధరపై నియంత్రణ తొలగింది. 2016 నుంచి కిరోసిన్ ధరను క్రమంగా పెంచుతూ వచ్చి 2020లో సబ్సిడీకి స్వస్తి పలికారు. కల్తీకి ప్రధాన ఆకర్షణ దీనితో సన్నగిల్లింది.

కొత్త ఇంజన్లు, కొత్త జాగ్రత్తలు

1990 దశకం ఆరంభంలో మన డీజిల్‌లో గంధకం ఒక శాతం వరకు ఉండేది. 2000 నాటికి అది 0.25 శాతానికి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణాల ప్రకారం పది లక్షల పాళ్ళలో పదికి మించరాదు. ఈ ఇంజన్లలో కామన్ రైల్ విధానం డీజిల్‌ను 1,600 బార్లు, అంతకు మించిన ఒత్తిడితో చిమ్ముతుంది. వీటి ఫిల్టర్లు మరింత సన్ననివి. నీరు చేరితే డ్రైవర్ ముందున్న దీపం వెలిగి హెచ్చరిస్తుంది.

పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం కాగలదు. ఇంజను తిరుగుతుండగా నాజిల్ గొట్టం నట్టు వదులు చేసి గాలి తీయడం పాతతరం మెకానిక్కులకు మామూలే. కామన్ రైల్ ఇంజనులో అలా చేస్తే వెలువడే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని శరీరంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా చేయి కోల్పోయే ముప్పు ఉంటుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి ఢిల్లీ వరకు మరమ్మతు షెడ్లలో గురువు దగ్గర చూసి నేర్చుకున్న లక్షలాది పనివారికి ఈ మార్పును ఎవరు నేర్పుతారన్నది అసలు ప్రశ్న.

వాతావరణమూ ఫిల్టరును పరీక్షిస్తుంది. లడఖ్, కార్గిల్ వంటి చోట్ల ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోయినప్పుడు డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసివేస్తుంది. మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించగల ప్రత్యేక శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది.

ఫిల్టరును ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది ఇంజనును బట్టి మారుతుంది. దుమ్ము రేగే క్వారీలో తిరిగే టిప్పరుకు, జాతీయ రహదారిపై నడిచే లారీకి ఒకే లెక్క పనికిరాదు. తయారీదారు పుస్తకంలో రాసిన గడువు గరిష్ఠ పరిమితి మాత్రమే. దానిని దాటించి మిగుల్చుకున్న సొమ్ము ఏదో ఒక రోజు పంపు మరమ్మతు బిల్లులో వడ్డీతో సహా చెల్లించవలసి వస్తుంది. ఆ రోజు బండి ఆగేది ఇంటి ముందు కాదు, లోడుతో నడిరోడ్డు మీద.