మీకు తెలుసా? సిగరెట్లు 7, బీడీలు 15

మన దేశంలో రోజూ సిగరెట్ కాల్చేవారు సగటున రోజుకు 6.8 సిగరెట్లు కాలిస్తే, రోజూ బీడీ తాగేవారు 15.1 బీడీలు తాగేస్తున్నారు. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ జరిపించిన వయోజనుల పొగాకు సర్వే తేల్చిన లెక్క ఇది.

బీడీ వాడకం పల్లెల్లో, పేదల్లో, అంతగా చదువుకోనివాళ్లలో ఎక్కువ. బీడీలో పొగాకు సిగరెట్‌లోకన్నా చాలా తక్కువే. అంతమాత్రాన హాని తక్కువనుకుంటే పొరపాటు. బీడీ మాటిమాటికీ ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే గట్టిగా, పదేపదే దమ్ము లాగాలి. దాంతో నికోటిన్, తారు సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోకుండా లోపలికి దిగుతాయి.

బీడీ చుట్టే తునికాకుకు ఖమ్మం, భద్రాచలం అడవులు పెట్టింది పేరు. ఎండాకాలం వచ్చిందంటే కోయ కుటుంబాలు తెల్లవారుజామునే అడవిలోకి వెళ్లి, ఒంగి ఒక్కో ఆకూ తెంపి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేరుస్తాయి. కట్టలను అక్కడే వరసలుగా పేర్చి ఎండబెడతారు. 1,000 కట్టలు, అంటే 50,000 ఆకులైతేనే ఒక స్టాండర్డ్ బస్తా. బీడీకి కొత్త చిగురు నుంచి వచ్చిన మెత్తని ఆకే కావాలి. అందుకే కోతకు ముందే తునికి పొదలను మొదలు దాకా కొట్టిస్తారు.