ఫోము పరుపు కొనువారికి

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణానదిని దాటుచోట, దక్షిణపు గట్టున బీచుపల్లి గ్రామము కలదు. ఆంజనేయస్వామి ఆలయముచే ఈ గ్రామము ప్రసిద్ధి చెందినది. ఇచ్చట మొదలుకొని తుంగభద్ర వరకు గల భూభాగమునకు నడిగడ్డ అని పేరు. ఇది పత్తి సీమ. విత్తనపు పత్తి పండించుటలో ఈ ప్రాంతపు రైతులు గడించిన నేర్పు దూరప్రాంతములవారికి సైతము తెలిసినదే. ఇట్టి పత్తి సీమలోనికి ఇప్పుడు అట్టపెట్టెలలో చుట్టబడిన ఫోము పరుపులు వచ్చుచున్నవి. ఇంటిలోని చదువుకొన్న పిల్లవాడు సెల్‌ఫోనులో బొమ్మ చూచి మీట నొక్కగా, కొలది దినములలో పెట్టె ఎర్రవల్లి చౌరస్తాలో దిగుచున్నది.

ఇందు తప్పేమియును లేదు. పట్టణవాసికి లభించు సౌకర్యము పల్లెవాసికి కూడ లభించుట సంతోషింపదగిన విషయమే. అయితే కంటితో చూడక, చేతితో నొక్కక వస్తువును కొనుట మనకు కొత్త. అందును పరుపు వంటి వస్తువును కొనుట మరింత కొత్త. పరుపు మంచిదో కాదో కొన్ననాడు తెలియదు. కొన్ని మాసములు గడచిన పిమ్మట వీపునకు తెలియును.

బీచుపల్లి సమీపమున ఒక రైతు ఇంటిలో నేను చూచిన సంగతి చెప్పెదను. పత్తి పైకము చేతికి రాగానే, నడుము నొప్పితో బాధపడుచున్న తల్లి కొరకు ఆ రైతు ఐదు వేల పైచిలుకు రూపాయలు పెట్టి ఒంటిమనిషి పరుపు నొకదానిని ఆన్‌లైనులో తెప్పించెను. పొడవు 72 అంగుళములు, వెడల్పు 36, మందము 5. ఫోము సాంద్రత 32 అని ప్రకటనలో వ్రాసియుండెను. రెండు మాసములకే నడిమి భాగము గుంతపడినది. నేను వెళ్లినప్పుడు ఆ వృద్ధురాలు పరుపును గోడకు ఆనించి, క్రింద చాపపై కూర్చుండి యుండెను.

"పెద్దమ్మా, పరుపు మీద పండుకొనుట లేదా?" అని అడిగితిని.

"దూది పరుపైతే ఇంటికాడనే ఏకి కుడుతుండిరి సారూ. ఇంత దూది అని తూకమేసి, కండ్లజూసి పోయించుకుంటుంటిమి. దీంట్ల ఏముందో ఎవరికెరుక?" అని ఆమె అనెను.

ఆమె మాటలో గొప్ప విషయము ఇమిడియున్నది. పూర్వము దూదేకులవారు వాకిటికి వచ్చి, వింటినారి మ్రోగించుచు దూదిని ఏకి, మన కండ్ల ఎదుటనే పరుపు కుట్టెడివారు. ఒంటిమనిషి పరుపునకు పది పన్నెండు కిలోల దూది పట్టునని ఇంటి ఇల్లాలికి తెలియును. దూది తగ్గిన పరుపు త్వరగా అణగిపోవునని కూడ ఆమెకు తెలియును. ఫోము పరుపు విషయమునను సూత్రము ఇదియే. మారినది పదార్థము మాత్రమే.

ఫోము అనగా నురుగు. పెట్రోలియము నుండి లభించు రసాయనములతో చేసిన రెండు ద్రవములను కలుపగా, వాయువు పుట్టి, పులిసిన పిండి వలె మిశ్రమము పొంగి గట్టిపడును. దీనికి మూలమైన పాలీయురిథేను అను పదార్థమును 1937లో జర్మనీ దేశమున ఆటో బేయరు అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. పొంగిన నురుగులో అధికభాగము గాలియే. ఆ గాలిని నిలిపి, మనిషి బరువును మోయునది కొద్దిపాటి పదార్థము. ఒక ఘనపు మీటరు నురుగు ఎన్ని కిలోలు తూగునో దానినే సాంద్రత అందురు. సాంద్రత 32 అనగా ఘనపు మీటరునకు 32 కిలోలు అని అర్థము. 16 సాంద్రత గల ఫోముతో కూడ అదే కొలత, అదే మందము గల పరుపును చేయవచ్చును. బొమ్మలో రెండును ఒకే తీరున కానవచ్చును. మొదటి దినమున రెండును మెత్తగానే యుండును. కాని రెండవది త్వరలోనే అణగి గుంతపడును.

దీనిని కనిపెట్టుటకు యంత్రములు అక్కరలేదు. పత్తి తూచు కాటా చాలును. పొడవు, వెడల్పు, మందములను అంగుళములలో గుణించి, దానిని సాంద్రతతో గుణించి, 61,000 చేత భాగించినచో ఆ పరుపులోని ఫోము ఎన్ని కిలోలు ఉండవలెనో తేలును. రైతు కొన్న పరుపునకు ఈ లెక్క వేసి చూచితిమి. 72ను 36తో, మరల 5తో గుణింపగా 12,960. దానిని 32తో గుణించి 61,000 చేత భాగింపగా 6 కిలోల 800 గ్రాములు. దొడ్డిలో పత్తి బోరెములు తూచు కాటా ఉండెను. పరుపును త్రాటితో కట్టి దానికి వ్రేలాడదీసితిమి. గుడ్డ తొడుగుతో సహా నాలుగున్నర కిలోలు తూగినది! తొడుగు విప్పి వేరుగా తూచి తీసివేయగా ఫోము 3 కిలోల 700 గ్రాములు. అనగా సాంద్రత 32 కాదు, 17 చిల్లర మాత్రమే. రైతు సగము ధనమును గాలికి చెల్లించినట్లయినది.

పరుపు వచ్చిన దినముననే తూచియున్నచో దానిని వాపసు చేయుటకు వీలుండెడిది. అమ్మినవారు ఇచ్చిన పది దినముల గడువు ఎన్నడో దాటిపోయినది. కావున ఆన్‌లైనులో పరుపు తెప్పించుకొనువారు ముందుగా సాంద్రత ఎంతో స్పష్టముగా వ్రాసిన పరుపునే ఎన్నుకొని, ఆ ప్రకటనను ఫోటో తీసి దాచుకొని, పెట్టె వచ్చిన దినముననే కొలిచి, తూచి చూచుకొనవలెను. పెద్దలు నిత్యము పరుండు పరుపునకు 32కు తక్కువ సాంద్రత పనికిరాదు. శరీరము బరువైనవారికి 40 మేలు. అప్పుడప్పుడు వచ్చు చుట్టములకైనచో తక్కువది కొన్నను నష్టము లేదు. సాంద్రత వ్రాయక 'అత్యుత్తమము', 'అయిదు నక్షత్రముల హోటలు సుఖము' అని మాత్రమే వ్రాసిన ప్రకటనను విడిచిపెట్టుట మంచిది. గృహోపయోగపు పరుపుల ఫోమునకు భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 7933 అను ప్రమాణము కలదు. ఆ అంకె ప్రకటనలో కానవచ్చినచో పరుపుపై కూడ ఉన్నదేమో చూడవలెను.

తూకమునందును ఒక మోసమునకు తావు కలదు. బరువు పెంచుటకు ఫోములో సుద్దపొడి వంటివి కలుపువారు ఉన్నారు. అట్టి ఫోమును పిడికిటితో నలిపినచో పొడి రాలును. వదలినప్పుడు త్వరగా పూర్వరూపమునకు రాదు. ఇంతేకాక ఇప్పటి పరుపులు పెక్కింటిలో పొరలుండును. పైన ఒక అంగుళము మెమొరీ ఫోము, క్రింద సాధారణపు ఫోము, అడుగున ఫోము ముక్కలను అతికించి చేసిన గట్టి పొర ఉండవచ్చును. అతుకుల పొర మిక్కిలి బరువైనది. కనుక ఏ పొర ఎన్ని అంగుళములో, దాని సాంద్రత ఎంతో అడిగి, ఒక్కొక్క పొరకు వేరుగా లెక్క వేసి కూడవలెను. ఏడవ తరగతి చదువు బాలునికి ఇది మంచి అభ్యాసము.

మెమొరీ ఫోమును గురించి ప్రకటనలు చాలా చెప్పుచున్నవి. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసావారి పరిశోధనలలో విమానపు ఆసనముల కొరకు దీనిని రూపొందించిన మాట నిజమే. అయితే ఇది శరీరపు వేడికి మెత్తబడి, ఆ వేడిని పట్టి ఉంచు స్వభావము కలది. ఎండాకాలమున నలుబది డిగ్రీలు దాటు మన ప్రాంతములో, రాత్రి కరెంటు పోయినచో, మందపాటి మెమొరీ పొరపై పరుండుట ఎంత సుఖమో పాఠకులే ఊహింపగలరు.

నడుము నొప్పికి ఎంత గట్టి పరుపైన అంత మేలని మనలో ఒక నమ్మకము కలదు. 2003లో లాన్సెట్ అను వైద్యపత్రికలో స్పెయిను దేశపు వైద్యుల పరిశోధన ఒకటి వెలువడెను. దీర్ఘకాలముగా నడుము నొప్పి గల 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకపు గట్టిదనము గల పరుపులు ఇచ్చి పరీక్షింపగా, మధ్యరకపు పరుపులు వాడినవారికే హెచ్చు ఉపశమనము కలిగెను. సాంద్రతయు గట్టిదనమును ఒకటి కావని కూడ గుర్తుంచుకొనవలెను. సాంద్రత మన్నికను తెలుపును. గట్టిదనము పరుండినప్పటి తీరు. 'ఆర్థోపెడిక్' అని పరుపుపై ముద్రించినంత మాత్రమున అది వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందు కాదు. కాలికి తిమ్మిరి, జ్వరము లేక బలహీనతతో కూడిన నడుము నొప్పి ఉన్నచో పరుపు సంగతి తరువాత. ముందు ఆసుపత్రికి పోవలెను.

మంచమును కూడ చూచుకొనవలెను. నులక మంచముపైనను, నవారు మంచముపైనను ఫోము పరుపు వేసినచో మంచముతోపాటు పరుపును వంగును. దానికి చదునైన చెక్క కావలెను. మన వడ్రంగులు చేసిన మంచములన్నియు కంపెనీవారి కొలతలకు సరిపడవు. అంచుల మధ్య లోపలి కొలతను టేపుతో అంగుళములలో తీసికొని, ఆ పిమ్మటనే పరుపును ఎంచుకొనవలెను. వృద్ధులకైనచో మంచపు ఎత్తునకు పరుపు మందమును కలిపి చూడవలెను. అంచున కూర్చుండినప్పుడు పాదములు నేలకు ఆననిచో లేచుట కష్టము. బండల నేలపై పరుపును నేరుగా పరచినచో అడుగున చెమ్మ పట్టి బూజు పుట్టును.

దూది పరుపును ఎండవేయుట మన ఇండ్లలో మంచి అలవాటు. ఫోమునకు మాత్రము అది హాని చేయును. ఎండకు పసుపురంగు తిరిగి పొడిపొడిగా రాలిపోవును. నీడలో, గాలి తగులునట్లు నిలబెట్టవలెను. పసిపిల్లలు, మంచము పట్టినవారు ఉన్న ఇంటిలో నీరింకని తొడుగు తప్పనిసరి. తడిసిన దూదిని ఆరబెట్టి మరల ఏకించుకొనవచ్చును. లోపలి వరకు తడిసిన ఫోము అంత సులభముగా ఆరదు. అన్నిటికంటె ముఖ్యమైనది నిప్పు. ఫోము అంటుకొన్నచో మిక్కిలి వేగముగా మండి విషపు పొగను విడుచును. మంచము క్రింద దోమల చుట్ట వెలిగించుట, పరుపుపై బీడీ త్రాగుట ఎంతమాత్రము కూడదు.

ఇక కొనుబడి సంగతి. చుట్టి పంపిన పరుపును విప్పగానే అది ఉబ్బుట మొదలిడును. పూర్తిగా విచ్చుకొనుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. మొదట కొంత వాసన వచ్చుట సహజమే, కిటికీలు తెరచి ఉంచిన పోవును. ఒకసారి విచ్చుకొన్న పరుపు మరల ఆ పెట్టెలో పట్టదు. 'నూరు రాత్రులు వాడి చూడుడు, నచ్చనిచో వాపసు' అని కొన్ని కంపెనీలు ప్రకటించుచున్నవి. నగరములలో ఇది బాగుగనే ఉన్నది. కాని వాపసు తీసికొనుటకు మన పల్లెకు బండి వచ్చునా, మన పిన్‌కోడునకు ఆ సౌకర్యము కలదా, రవాణా ఖర్చు ఎవరిది అను విషయములను కొనక ముందే అడిగి, సమాధానమును వ్రాతపూర్వకముగా పొందవలెను. పెట్టె విప్పుచున్నప్పుడు ఇంటిలోని వారొకరు వీడియో తీయుట మంచిది. కాటాపై అంకె కనబడునట్లు పరుపు ఫోటో ఒకటి తీసి ఉంచవలెను. అమ్మినవారితో వాదమునకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు.

సగము ధరకే పరుపు అని వాట్సాపులో వచ్చు లింకులను నొక్కరాదు. ధనము వాపసు ఇచ్చెదము, ఈ కోడును స్కాన్ చేయుడు అని ఎవరైన ఫోను చేసినచో అది మోసము. డబ్బు పుచ్చుకొనుటకు స్కాన్ చేయుట గాని, రహస్యపు పిన్ కొట్టుట గాని అక్కరలేదు. డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

వస్తువు ప్రకటించినట్లు లేనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మనకు అండగా నున్నది. దాని క్రింద 2020లో చేసిన నియమముల ప్రకారము ఆన్‌లైను కంపెనీ తన ఫిర్యాదుల అధికారి పేరును, చిరునామాను ప్రకటింపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. అచ్చట పని జరుగనిచో 1915 అను జాతీయ వినియోగదారుల నంబరునకు తెలుపవచ్చును. అదియు ఫలింపనిచో, అమ్మినవాడు ఏ నగరమున ఉన్నను, మనము నివసించు చోటికి సంబంధించిన జిల్లా కమిషనులోనే రెండేండ్లలోగా దావా వేయవచ్చును. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల వరకు ఉన్నచో రుసుము లేదు.

ఆ రైతు కాటా ఫోటోను, ప్రకటన ఫోటోను జతచేసి కంపెనీకి ఫిర్యాదు పంపెను. గడువు తీరినదని వారు బదులు వ్రాసిరి. గడువు మీరు ఏర్పరచినది, సాంద్రత కూడ మీరు వ్రాసినదే గదా అని అతడు 1915కు తెలిపెను. ఆ వ్యవహారము ఇంకను నడుచుచున్నది. ఈలోగా అటక మీది పాత దూది పరుపును దింపి, విప్పి, ఇంటి పత్తినుండి తీసిన కొత్త దూది రెండు కిలోలు చేర్చి ఏకించి కుట్టించిరి. పెద్దమ్మ దానిని చెక్క మంచముపై వేసికొని పరుండుచున్నది. ఫోము పరుపు మాత్రము గోడకు ఆనించియే ఉన్నది. కమిషనువారు అడిగినచో చూపుటకు దానిని అట్లే ఉంచుమని నేనే చెప్పితిని.