పసుపు పంట కన్నా పొట్టి వీసా

నందిపేట్‌లో జూన్‌లో నాటిన పసుపు తవ్వకానికి వచ్చేసరికి జనవరి దాటుతుంది. ఈ-టూరిస్ట్ వీసా మీద దిగిన విదేశీ కోడలు క్యాలెండర్ ఏడాదిలో ఇక్కడ ఉండగలిగేది అన్నీ కలిపి 180 రోజులే. నాట్లు చూసిన మనిషి తవ్వకం చూడకుండానే తిరుగు విమానం ఎక్కాలి.

దుబాయిలో పాతికేళ్లు చేసి, 60 దాటాక ఊరికి తిరిగొస్తున్న ఒకాయన ఉన్నాడనుకుందాం. భార్యది ఫిలిప్పీన్స్, ఆమెకు 58. ఆ వయసులోనూ ఊళ్లో ఆమె కోడలే కదా! వయసు ఎక్కువని ఆపే నిబంధన మన దగ్గర లేదు, ఆదాయం ఇంత ఉండాలన్న షరతూ లేదు. బ్రిటన్‌లో అయితే 2024 ఏప్రిల్ నుంచి భార్యకు వీసా కొత్తగా అడిగేవాళ్లు ఏడాదికి 29,000 పౌండ్ల రాబడి చూపాలి. దుబాయికి భార్యను తెచ్చుకోవాలన్నా 4,000 దిర్హాముల జీతమో, 3,000తో పాటు వసతో ఉండాలి. మన ఊళ్ల నుంచి పోయిన లేబర్ల భార్యలు చాలామంది ఇక్కడే ఉండిపోవడానికి ఈ అంకె కూడా ఒక కారణం.

మన దగ్గర మెలిక కాగితంలో ఉంది. ముందు ఎంట్రీ వీసా, అంటే ఎక్స్ వీసా తీసుకోవాలి. అది 180 రోజులు మించితే, దిగిన 14 రోజుల్లో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) దగ్గర నమోదు చేయించుకోవాలి. ఇది ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

అసలు నిశ్చింత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతోనే. 2006 జనవరిలో హైదరాబాద్‌లోనే మొదలైన పథకం ఇది. 2015 సవరణ విదేశీ జీవిత భాగస్వామికీ చోటిచ్చింది, కాకపోతే పెళ్లి రిజిస్టరై, దరఖాస్తు నాటికి వరసగా రెండేళ్లు నిలిచి ఉండాలి. ముప్పై ఏళ్ల కాపురం చేశామన్నా సర్టిఫికెట్ లేకపోతే కౌంటర్ దగ్గర ఆ ముప్పై ఏళ్లకు విలువ లేదు. ఫిలిప్పీన్స్‌లో పెళ్లయితే దానిమీద అపోస్టిల్ ముద్ర కూడా ఉండాలి. ఫీజు విదేశంలో 275 డాలర్లు, ఇక్కడ రూ. 15,000. టూరిస్ట్ వీసా మీద వచ్చి ఇక్కడ దరఖాస్తు పెట్టడం కుదరదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలుంటే, ముత్తాత తరం దాకా తవ్వి చూసి కాదంటారు.

కార్డు చేతికొచ్చాక ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ చుట్టూ తిరిగే పని ఉండదు. కానీ పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లో దాని కాపీ, కొత్త ఫొటో, పెళ్లి కొనసాగుతోందన్న డిక్లరేషన్ అప్‌లోడ్ చేయాలి. విడాకులైతే కార్డు రద్దు కావచ్చు. అందుకే భార్య అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న తెలుగావిడే అయితే భర్త పేరు మీద కాకుండా తన పుట్టుక ఆధారంగానే అడగడం నయం.

ఓటు కావాలంటే పౌరసత్వమే మార్గం. భారతీయుడి భార్యగా అడగాలంటే ఏడేళ్ల నివాసం చూపాలి. అందులో చివరి 12 నెలలు తెంపు లేకుండా, దానికి ముందు ఎనిమిదేళ్లలో కనీసం ఆరేళ్లు ఇక్కడ ఉండి ఉండాలి. యాభై ఎనిమిదికి మొదలుపెడితే అరవై అయిదు దాటుతుంది.

ఇక చేను సంగతి. ఓసీఐ కార్డు మీద ఇల్లు కొనుక్కోవచ్చు, ప్లాటు కొనుక్కోవచ్చు. పసుపు పండే ఎకరం మాత్రం ఆమె పేరన కొనడానికి లేదు, భర్త గిఫ్టుగా రాసివ్వడానికీ లేదు. ఆయన తర్వాత వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.