ఎప్పుడూ అంటే ఆల్వేసా? నెవరా?

'యాప్ సమ్‌టైమ్స్ ఆగిపోతోంది.' కస్టమర్ దగ్గర్నుంచి ఇలా ఒక్క లైన్ మెయిల్ వస్తే మా సాఫ్ట్‌వేర్ వాళ్లు తలలు పట్టుకుంటారు. సమ్‌టైమ్స్ అంటే రోజుకి పదిసార్లా, నెలకి ఒకసారా? మొదటిదైతే ఈ రాత్రే కూర్చుని సరిచేయాలి. రెండోదైతే వచ్చే వారం చూడొచ్చు. ఒక పని ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే ఇలాంటి మాటల్ని ఇంగ్లిష్‌లో అడ్వర్బ్స్ ఆఫ్ ఫ్రీక్వెన్సీ అంటారు. చూడ్డానికి చిన్న మాటలే. తేడా వస్తే మాత్రం అర్థమే తిరగబడుతుంది.

నిచ్చెన మెట్లు

వీటిని నిచ్చెనలా ఊహించుకోండి. పై మెట్టు మీద ఆల్వేస్, అంటే నూటికి నూరు. అట్టడుగున నెవర్, అంటే సున్నా. ఈ రెండింటి మధ్య వరసగా దిగితే యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ.

ప్రతి మెట్టుకీ చుట్టాలున్నారు. యూజువల్లీకి బదులు జనరల్లీ, నార్మల్లీ అనొచ్చు. ఆఫెన్‌కి ఫ్రీక్వెంట్లీ. సమ్‌టైమ్స్‌కి దగ్గర్లో అకేషనల్లీ ఉంది, కాకపోతే అది ఒక పిసరు తక్కువ. రేర్లీ పక్కన సెల్డమ్, హార్డ్లీ ఎవర్. అర్థం దగ్గరే అయినా వాడే చోటు వేరు. ఫ్రీక్వెంట్లీ, అకేషనల్లీ రిపోర్టుల్లో బాగుంటాయి. ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు 'నౌ అండ్ దెన్', 'వన్స్ ఇన్ ఎ వైల్' సహజంగా ఉంటాయి. సెల్డమ్ ఎక్కువగా పుస్తకాల్లోనే కనిపిస్తుంది.

మన తెలుగుతో వచ్చే చిక్కు

తెలుగులో 'ఎప్పుడూ' అనే మాట రెండు పనులు చేస్తుంది. 'వాడు ఎప్పుడూ వస్తాడు' అంటే ఆల్వేస్. 'వాడు ఎప్పుడూ రాడు' అంటే నెవర్. మాట అదే, క్రియ మారితే అర్థం ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది. అందుకే రెండో వాక్యాన్ని మాటకి మాట పెట్టి 'హి డజంట్ ఆల్వేస్ కమ్' అనేస్తాం. ఇంగ్లిష్‌లో దానర్థం 'ప్రతిసారీ రాడు గానీ, కొన్నిసార్లు వస్తాడు' అని. మనం చెప్పాలనుకున్నది 'హి నెవర్ కమ్స్'. అలాగని 'హి నెవర్ డజంట్ కమ్' అంటే మళ్లీ తప్పే. నెవర్, రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ మాటల్లోనే 'లేదు' అనే భావం ఉంది. వాటి పక్కన ఇంకో నాట్ అక్కర్లేదు.

ఇంటర్వ్యూల్లో ప్రమాదం హార్డ్లీతో. 'కష్టపడి పనిచేశాను' అనడానికి 'ఐ హార్డ్లీ వర్క్‌డ్' అంటే, 'దాదాపు పనే చేయలేదు' అని మనమే ఒప్పుకున్నట్టు. 'ఐ వర్క్‌డ్ హార్డ్' అనాలి.

ఆల్వేస్ ఒక్కోసారి విసుగుని కూడా చెబుతుంది. 'హి ఈజ్ ఆల్వేస్ కంప్లైనింగ్' అంటే మన 'మాటిమాటికీ గొణుగుతుంటాడు' లాంటిదే. మేనేజర్ గురించి రాసేటప్పుడు జాగ్రత్త!

ఎక్కడ పెట్టాలి?

మామూలు క్రియ అయితే దాని ముందు: 'హి ఆల్వేస్ కమ్స్ లేట్'. ఈజ్, ఆర్, వాజ్ లాంటివి ఉంటే వాటి తర్వాత: 'హి ఈజ్ ఆల్వేస్ లేట్'. యూజువల్లీ, సమ్‌టైమ్స్, అకేషనల్లీ వాక్యం మొదట్లో కూడా ఇమిడిపోతాయి. ఆల్వేస్ మామూలు వాక్యాల్లో అలా మొదట్లో రాదు.

అమాసకో, పున్నానికో

చాలా అరుదు అనడానికి ఇంగ్లిష్ వాళ్లు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటారు. ఒకే నెలలో వచ్చే రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అంటారు, అది సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. మనం 'అమాసకో, పున్నానికో' అంటాం. లెక్కకైతే అవి పదిహేను రోజులకోసారి వస్తూనే ఉంటాయి!

ఆఫీసులో ఇంకో తంటా 'బైవీక్లీ'. డిక్షనరీల్లో దీనికి వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి అని రెండర్థాలూ ఉన్నాయి. మీటింగ్ పెట్టేటప్పుడు 'ట్వైస్ ఎ వీక్' అనో 'ఎవ్రీ టూ వీక్స్' అనో రాస్తే గొడవుండదు.

అంకె జోడించండి

మధ్య మెట్లకి అందరూ ఒప్పుకునే కొలత లేదు. గ్రామర్ పుస్తకాలే ఒక్కోటి ఒక్కో శాతం ఇస్తాయి. అందుకే ప్రాణాల మీదకొచ్చే చోట మాటని అంకెతో కట్టేశారు. యూరప్‌లో మందులతో వచ్చే కాగితంలో ఒక సైడ్ ఎఫెక్ట్ 'రేర్' అంటే 1,000 మందిలో ఒకరికంటే తక్కువమందికి, కనీసం 10,000 మందిలో ఒకరికి వస్తుందని అర్థం. 'కామన్' అంటే 100 మందిలో ఒకరి నుంచి 10 మందిలో ఒకరి దాకా.

మనమూ అదే చేయొచ్చు. డాక్టర్‌తో 'ఐ ఆఫెన్ గెట్ హెడేక్స్' అని ఆగకుండా, 'త్రీ టైమ్స్ ఎ వీక్' కూడా కలపండి. మెయిల్లో 'సమ్‌టైమ్స్' తర్వాత 'వన్స్ ఇన్ టెన్ లాగిన్స్' అని రాయండి. అవతలి మనిషికి ఊహించుకునే పని తప్పుతుంది. మీ పనీ త్వరగా అవుతుంది, ఆల్వేస్ కాకపోయినా యూజువల్లీ!